మెనింజైటిస్ టీకా: పునర్మోతాదు చరిత్ర

1960లలో అమెరికా సైనిక శిబిరాలలో ప్రబలిన మెనింజోకోకల్ మెనింజైటిస్ సల్ఫా మందులకు లొంగలేదు. దీంతో వాల్టర్ రీడ్ సైనిక పరిశోధనా సంస్థలో గాట్ష్లిక్, గోల్డ్‌ష్నైడర్, ఆర్టెన్‌స్టీన్‌లు బాక్టీరియా పైపొరలోని పాలిశాకరైడ్‌తో టీకా రూపొందించారు. వారి పరిశోధన 1969లో వెలువడింది. వయోజనులకు ఒక్క మోతాదే రక్షణనిచ్చింది. కాని అది కొన్నేళ్లకు క్షీణించేది. 1987 హజ్‌లో ఎ-రకం వ్యాధి వ్యాపించిన అనంతరం సౌదీ అరేబియా యాత్రికులకు టీకాను తప్పనిసరి చేసింది. సైనికులకు, తరచూ యాత్ర చేసేవారికి టీకాను మళ్లీ మళ్లీ వేయవలసిన పరిస్థితి ఏర్పడింది.

మోతాదు పెరిగితే రక్షణ పెరుగుతుందన్న విశ్వాసాన్ని సి-రకం పాలిశాకరైడ్ వమ్ము చేసింది. ఈ టీకాను ముందే పొందిన వయోజనులలో పునర్మోతాదుకు ప్రతిస్పందన మందగించినట్లు 1998లో గ్రానాఫ్ బృందం వెల్లడించింది. పాలిశాకరైడ్ టి-కణాల సహాయం లేకుండానే బి-కణాలను ప్రేరేపిస్తుంది. ఉన్న జ్ఞాపకకణాలు ప్రతిరక్షకాల ఉత్పత్తిలో ఖర్చవుతాయి; కొత్తవి తగినంతగా ఏర్పడవు. ఈ క్షీణతకు ప్రధానంగా చెప్పే వివరణ ఇదే.

పాలిశాకరైడ్‌ను ప్రోటీన్‌తో జతచేసిన సంయోజక టీకా టి-కణాల సహాయాన్ని రప్పించి జ్ఞాపకాన్ని నెలకొల్పింది. సి-రకానికి దీనిని 1999లో బ్రిటన్ జాతీయస్థాయిలో ప్రవేశపెట్టింది. ఎన్నిసార్లు వేశామన్నదాని కన్నా ఏ రూపంలో వేశామన్నదే పునర్మోతాదు ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.