నగరములందు రజ్జుమార్గములు

నేఁడు నేను ప్రసంగింపఁబోవు విషయము నగరములందలి రజ్జుమార్గములు. జనులు వీనిని రోప్‌వేలని వ్యవహరించుచున్నారు. ఎత్తైన స్తంభములమీఁదుగా ఉక్కుత్రాటిని బిగించి, దానికిఁ బెట్టెలను వ్రేలాడఁదీసి, వానియందు మనుష్యుల నెక్కించి గాలిలోఁ గొనిపోవుట వీని స్వరూపము. శ్రీశైలమునఁ బాతాళగంగకు దిగినవారును, విశాఖపట్టణమునఁ గైలాసగిరి నెక్కినవారును వీని నెఱుఁగుదురు. అయితే ఆ రెండును యాత్రికులకును విహారార్థులకును ఏర్పడినవి. కూలికిఁ బోవువాఁడు, బడికిఁ బోవు బాలిక, సంతకుఁ గూరగాయలు గొనిపోవు స్త్రీ ప్రతిదినమును ఎక్కి దిగునట్టి నగరవాహనముగా నిది మాఱుట యిటీవలి చరిత్ర. 2023వ సంవత్సరము మార్చి 24వ తేదీని వారణాసియందు నిట్టి మార్గమున కొకదానికి శంకుస్థాపన జరిగెను. కాశి తెలుఁగువారికిఁ బరాయి యూరు కాదు. కావున నీ చరిత్ర మనకును గావలసినదే.

మొదట దీని పుట్టుపూర్వోత్తరములు విన్నవించెదను. లోయల కడ్డముగా త్రాళ్లు గట్టి దాఁటుట కొండప్రాంతములవారికిఁ జిరకాలపు విద్య. యంత్రరూపమున దీనిని నిలిపినవారిలోఁ బ్రథమగణ్యుఁడు ఆడం వీబె యను డచ్చి ఇంజనీరు. బాల్టిక్ సముద్రతీరమున నేఁడు గ్డాన్స్క్ అని పిలువఁబడు డాన్‌జిగ్ నగరమున, 1644లో, కోటబురుజులు గట్టుటకు మన్ను విస్తారముగాఁ గావలసివచ్చెను. మన్ను నగరము వెలుపలి కొండపై నున్నది, నడుమ నీరున్నది. వీబె కొయ్యస్తంభములు నాఁటించి, మొదలును తుదియు లేని చుట్టుత్రాటిని వానిమీఁదుగాఁ బఱపించి, దానికి గంపలు గట్టించెను. నిండుగంపలు కోటవైపు పోవుచుండఁగా వట్టిగంపలు కొండవైపు మరలుచుండెను. నాలుగువందల యేండ్లకు సమీపించుచున్న యీ కాలమునఁ గూడ మూలసూత్ర మదియే.

అయితే నారత్రాఁడు నానును, చివుకును, తెగును. దానిని నమ్మి మనుష్యులను వ్రేలాడఁదీయరాదు. 1834లో జర్మనీదేశపు హార్ట్స్ పర్వతములందు గనుల యధికారిగా నున్న విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుపతీఁగెలను పేని త్రాడుగాఁ జేయు విధానమును గనిపెట్టెను. అంతట గనులనుండి ముడిలోహమును, బొగ్గును త్రాటిమీఁద దింపుట వ్యాపించెను. మనుష్యుల వంతు పిమ్మట వచ్చెను. 1907లో స్పెయినుదేశమున శాన్ సెబాస్టియన్ నగరముకడ టోరెస్ కెవెడో యను శాస్త్రజ్ఞుఁడును, 1908లో స్విట్జర్లాండునందలి వెటర్‌హార్న్ పర్వతముకడ మఱికొందఱును, 1912లో బ్రెజిలునందు రియో డి జనీరో రేవుకడ షుగర్‌లోఫ్ కొండకు వేఱుకొందఱును త్రాటిబండ్లు నడిపిరి. ఇవన్నియు వినోదార్థములు. 1976 మే మాసమున న్యూయార్కు నగరము ఈస్టునదిమీఁదుగా రూజ్‌వెల్టు ద్వీపమునకు నడిపించిన త్రాటిబండి మాత్రము నివాసులకొఱకు. ద్వీపమునకు భూగర్భరైలు అప్పటికి రాలేదు. ఆ రైలు 1989లో వచ్చినను, త్రాటిబండిని జనులు విడువలేదు.

ఇప్పుడు దీని శక్తి యెంతటిదో, హద్దు లెట్టివో తెలిసికొనవలయును. అది తెలియక మాటలాడినచో మన ప్రశంసయు నిందయు రెండును వ్యర్థములు. నేఁటి నగరరజ్జువు నిరంతరము పాఱుచుండును. పెట్టెకు దానిని గట్టిగాఁ బట్టుకొను నొక పిడికిలి యుండును. పెట్టె నిలయములోఁ బ్రవేశింపఁగానే పిడికిలి త్రాటిని వదలును. పెట్టె మెల్లగా, మనిషి నడకకంటె నెక్కువ కాని వేగముతో సాగును. జనులు దిగుదురు, ఎక్కుదురు. పిడికిలి మరలఁ ద్రాటిని బట్టును. త్రాఁడు ఒక్క క్షణమైన నాగవలసిన పని లేదు. పెట్టెకుఁ బదుగురు చొప్పున, 12 సెకండ్ల కొక పెట్టె వచ్చినచో, గంటకు 300 పెట్టెలు, 3000 మంది యొక దిక్కునకుఁ బోవుదురు. చిన్న త్రోవలుగల పేటకు నిది గొప్ప సంఖ్య. కాని పెద్దనగరమందలి మెట్రో రైలు గంటకుఁ బదులవేల మందిని మోయును. కావున త్రాఁడు రైలునకుఁ బ్రతినిధి కాఁజాలదు; రైలు చేరలేని చోటికిఁ జేర్చు నుపనది మాత్రమే. పెనుగాలియు, పిడుగులును వచ్చినపుడు దానిని నిలుపవలయును. నిర్వహణలో నజాగ్రత్త యెంత ప్రమాదమో 2022 ఏప్రిలునందు దేవఘర్ త్రికూటపర్వతముకడ జరిగిన దుర్ఘటన వలన మనవారు చూచిరి, ప్రాణనష్టము కలిగెను, గాలిలోఁ జిక్కినవారిని సైనికులు హెలికాప్టరులతో దింపవలసివచ్చెను.

ఇఁక నగరచరిత్రకు వచ్చెదను. దక్షిణ అమెరికాఖండమునఁ గొలంబియాదేశమందు మెడెలిన్ అను నగరము కలదు. అది కొండల నడిమి లోయ. లోయ యడుగున సంపన్నులును, వ్యాపారస్థానములును, కొండవాలులపై బీదలు. పల్లెలలోని హింసకుఁ దాళలేక పాఱివచ్చినవారనేకు లా వాలులమీఁదఁ దమ చేతులతోఁ దామే యిండ్లు గట్టుకొనిరి. 1991 ప్రాంతమున నా నగరము హత్యలకు లోకమంతటఁ బేరుమోసెను. 1995లో మెట్రో రైలు వచ్చినది గాని, అది లోయ యడుగుననే నడచుటచేఁ గొండపైనివారికి దానివలని ప్రయోజనము స్వల్పము. ఇరుకుమెట్లు దిగి, బస్సులు మాఱి, పనికిఁ బోవుటకుఁ జాల కాలము వ్యయమయ్యెడిది. ఆ సమయమున నగరపాలకులును, ప్రభుత్వమువారి మెట్రో సంస్థయుఁ గలసి, 2004లో, అసెవేదో స్టేషనునుండి శాంటో డొమింగో పేటవఱకు సుమారు రెండు కిలోమీటర్ల రజ్జుమార్గమును వేసిరి. ఇది కొండవాసుల నిత్యప్రయాణమునకే ప్రత్యేకించి యేర్పడిన మార్గము.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది త్రాఁడు కాదు, టిక్కెట్టు. మెట్రో టిక్కెట్టుతోనే త్రాటిబండి నెక్కవచ్చును. మఱల సొమ్ము చెల్లింప నక్కఱలేదు. రెండవది, త్రాటితోఁ బని ముగిసినదని పాలకు లూరకుండలేదు. నిలయముల చుట్టును దారులు బాగుచేసిరి; వంతెనలు గట్టిరి; బడులు, గ్రంథాలయము వెలసెను. 2012లో ప్రకటింపఁబడిన యొక పరిశోధన యీ మార్గము సోఁకిన పేటలను, సోఁకని సమానమైన పేటలతోఁ బోల్చి చూచెను. హత్యల తగ్గుదల మొదటి పేటలలో 66 శాత మధికమని తేలెను. ఆ ఫలము త్రాటిదా, దారులదా, బడులదా యని విడఁదీసి చెప్పుట కష్టము. అన్నియుఁ గలసి వచ్చినవి. అదియే యక్కడి పాఠము.

రెండవ నగరము బొలీవియాదేశపు లా పాజ్. ఇది సముద్రమట్టమునకు 3600 మీటర్లకుఁ బైఁబడిన యెత్తున గిన్నెవంటి లోయలో నున్నది. గిన్నె యంచుమీఁద, ఇంకను నాలుగువందల మీటర్ల పైన, ఎల్ ఆల్టో యను వేఱు నగరము. అందధికులు ఆయ్మరా యను నాదివాసిజాతివారు. వారు దినదినమును క్రిందికి దిగి పని చేసి మీఁదికిఁ బోవలయును. వంకరదారులందు బండ్లు క్రిక్కిఱియుచుండెను. 2014 మే నెలలో ఎఱుపుమార్గము మొదలయ్యెను. 2019 నాఁటికి మార్గములు పది, మొత్తము పొడవు సుమారు ముప్పది కిలోమీటర్లయ్యెను. నిలయములకు స్పానిషుపేళ్లతోఁబాటు ఆయ్మరా పేళ్లును బెట్టిరి. ఎఱుపుమార్గపు పైకొన ఎల్ ఆల్టోయందలి పెద్దసంత కడనే యున్నది. సంతకు సరకు గొనువారును వచ్చిరి, చూడవచ్చినవారును వచ్చిరి. ఆర్థికాభివృద్ధి యనునది యెక్కడనుండియో యూడిపడలేదు; అంతకు మున్నే యున్న సంతకుఁ ద్రోవ దొరకినది.

మూఁడవది వేఱు విధమైన కథ. రియో డి జనీరోలో అలెమావో యను బీదపేటల సముదాయముపై 2011 జులైలో మూఁడున్నర కిలోమీటర్ల రజ్జుమార్గము, ఆఱు నిలయములతో, రైలునకు సంధింపఁబడి తెఱవఁబడెను. పేటవాసులకు దినమునకు రెండు ప్రయాణము లుచితము. ప్రారంభోత్సవము ఘనముగా జరిగెను. కాని 2016లో రాష్ట్రప్రభుత్వమునకు ధనము లేక, నడుపువారికి సొమ్ము చెల్లక, మార్గము నిలిచిపోయెను. పెట్టెలు తీసివేయఁబడెను, నిలయము లేండ్లతరబడి పాడుపడెను. అదే నగరమందలి రోసీన్యా యను మఱియొక పేటకు నిట్టి మార్గమే ప్రతిపాదింపఁబడినపుడు, పేటవారు వీథులకెక్కి, మాకు ముందు మురుగుకాలువలు గావలయునని కోరిరి. త్రాఁడు చూచువారి కన్నుల కింపు; మురుగుకాలువ కన్నులకుఁ గనఁబడదు. పాలకుల చిత్త మెటు మొగ్గునో యూహింపవచ్చును.

ఇప్పుడు కాశికి వచ్చెదము. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణమునఁ బయనమై, పల్లకిలో, పరివారముతో, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీఁదుగాఁ గాశి చేరి, కలకత్తా మీఁదుగాఁ దీరమువెంట మరలి, 1831 సెప్టెంబరులో నిల్లు చేరిరి. బోయీల భుజములే వారి వాహనము. నేఁడు తెలుఁగు యాత్రికుఁడు రెండు దినములలోపలనే రైలుమీఁదఁ గాశి కంటోన్మెంటు స్టేషనులో దిగుచున్నాఁడు. అతని కష్ట మచ్చట మొదలగుచున్నది. స్టేషనునుండి గంగ మూఁడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే యైనను, ఆ దారి జనసమ్మర్దముచే దుర్గమము. 2021 డిసెంబరులో విశ్వనాథాలయ ప్రాంగణము విస్తరింపఁబడిన పిదప యాత్రికు లింకను బెరిగిరి. 2023 ఏప్రిలునందలి గంగాపుష్కరములకుఁ బోయిన మనవా రీ యిక్కట్టు నెఱుఁగుదురు.

ఈ కారణముచేఁ గంటోన్మెంటునుండి కాశీ విద్యాపీఠము, రథయాత్ర కూడలి మీఁదుగా గొదౌలియావఱకు సుమారు 3.75 కిలోమీటర్ల రజ్జుమార్గము తలపెట్టఁబడెను. అంచనా సుమారు 645 కోట్ల రూపాయలు. గంటకు నొక దిక్కునకు 3000 మంది. ప్రయాణకాలము పదునాఱు నిమిషములని ప్రణాళిక. మెడెలిన్, లా పాజులవలెఁ గాశి కొండనగరము కాదు, సమభూమి. సమభూమిలోఁ ద్రాఁ డేల యన్న ప్రశ్నకు సమాధానము గల్లీలే. పాతయిండ్లు కూల్చక వీథి వెడల్పు గాదు; స్తంభమునకుఁ గావలసిన నేల స్వల్పము. గొదౌలియా యను పేరు గోదావరీశబ్దమునుండి పుట్టినదని పెద్దలు చెప్పుదురు. దశాశ్వమేధప్రాంతమున గంగఁ జేరు నొక వాగునకుఁ బూర్వ మా పేరుండెడిదఁట. వాగు పూడి వీథి యైనది. వీథి నిండఁగా దారి యాకాశమున కెక్కినది.

వేదాంతులు రజ్జుసర్పన్యాయము చెప్పుదురు. మసకవెలుఁగులోఁ ద్రాటిని జూచి యొకఁడు పామని వెఱచును. ఒకఁడు పూలదండ యని మురియును. ఈ రజ్జువు విషయమునను రెండు భ్రాంతులును గలవు. రిక్షావారి పొట్టఁ గొట్టు పామని కొందఱు. నగరమునకు సిరులు దెచ్చు దండ యని కొందఱు. నేను పంతులుగా నేండ్లు గడపినవాఁడను. దీపము వెలిఁగించి చూడుమని చెప్పుటయే నా యలవాటు. చూచినచో మూఁడు విషయములు స్ఫుటమగుచున్నవి.

మొదటిది మూల్యము. యాత్రికుఁ డేఁటి కొకసారి వచ్చును, అధికమూల్యమైనను జెల్లించును. కాశీవాసి దినమునకు రెండుసారులు పోవలయును. రథయాత్రకడ నంగడి గుమాస్తా నెలజీతముతో నెక్కఁగలిగిన టిక్కెట్టు లేనిచో, అది నగరవాహనము కాక కైలాసగిరి విహారమువంటిదే యగును. లండనులో 2012న థేమ్సునదిమీఁద వేసిన త్రాటిబండికి నిదియే గతి పట్టెను. పనికిఁ బోవువారు దాని నాశ్రయింపక, అది చూడవచ్చినవారి వేడుకగా మిగిలెను. రెండవది నిర్వహణ. త్రాఁడు, పిడికిలి, కప్పీలు నిత్యపరీక్ష గోరును. శంకుస్థాపననాఁడు ధనము చూపుట సులభము. పదవయేఁటఁ జూపుట కష్టము. రియో కథ యదియే. మూఁడవది జీవిక. బోయీలు పోయి జట్కాలు, జట్కాలు పోయి రిక్షాలు వచ్చినపుడు పాతవారి గతి యెవ్వరును విచారింపలేదు. వారి పేళ్లు చరిత్రలో లేవు. ఈసారి విచారింపవచ్చును. గొదౌలియాలో దిగిన ముదుసలి ఘట్టమువఱకుఁ బోవలయును. మదన్‌పురా నేఁతవాని చీర నిలయమువఱకు రావలయును. ఆ చిన్నదారులలో రిక్షావానికిఁ బని కలదు. నిలయముకడ వానికి నిలుచుటకుఁ జోటు విడిచిన నది దానముకాదు, వ్యవస్థ.

మన పట్టణములందును రజ్జుమార్గముల మాటలు వినవచ్చుచున్నవి. ప్రతిపాదన వచ్చినపుడు స్తంభ మెంత యెత్తని మనవా రడుగుదురు. దానికిఁ బూర్వము, తెల్లవాఱుజామున పనికిఁ బోవువాఁ డెక్కడ నివసించుచున్నాఁడు, ఈ త్రాఁడు వాని పేట కెంతదూరమున నాగుచున్నది, టిక్కెట్టు బస్సునకుఁ జెల్లునా, పదేండ్ల పిదప మరమ్మతు సొమ్మెవరు పెట్టుదురని యడుగవలయును. మెడెలిన్‌వా రడిగిరి, రియోవారి ప్రశ్న వినువారు లేకపోయిరి. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసి చూపఁగల పట్టణమునందు రజ్జుమార్గము వేయుట మంచిదే యని నా యభిప్రాయము. చూపలేనిచోట ఆ ధనముతో బస్సులు గొని, మురుగుకాలువలు బాగుచేయుట మేలు.

ఇంతతో నాకిచ్చిన కాలము పూర్తియైనది.