పక్షులకు ఋతువును తెలిపేది ఏది?

గోదావరి కుడిగట్టున, కిన్నెరసాని వచ్చి ఆ నదిలో కలిసే తావుకు చేరువగా ఉన్నది బూర్గంపాడు. ఈ ప్రాంతంలో ఒక పెరటిని ఏడాది పొడుగునా గమనిస్తే ఒక విశేషం కనబడుతుంది. నడివేసవిలో కాకి పుల్లలు పేర్చి గూడు కడుతుంది. ఆ గూటిని కనిపెట్టుకొని కోయిల తిరుగుతుంది. గోరువంక గోడతొర్రలో సంసారం పెడుతుంది. గిజిగాడు మాత్రం తొలకరి పడినదాకా ఆగి, తాటిమట్టకు గూడు వేలాడదీస్తుంది. గువ్వలకు నెలతో పనిలేదు. ఒకే నేల, ఒకే ఎండ, ఒకే వాన. అయినా ముహూర్తాలు వేరు. దీనికి కారణం తెలియడానికి దాదాపు రెండువందల ఏళ్ళు పట్టింది.

18వ శతాబ్ది ఉత్తరార్ధంలో లండనులోని జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు ఊరపిచ్చుకలను వేర్వేరు నెలలలో కోసి పరీక్షించినాడు. శీతకాలంలో మగపిచ్చుక వృషణాలు ఆవగింజంత ఉండి, వసంతం వచ్చేసరికి శనగగింజంతకు పెరుగుతున్నట్లు ఆయనకు కనబడింది. ఎగిరే ప్రాణికి అనవసరపు బరువు చేటు. కాబట్టి పని ఉన్న కాలంలోనే ఆ అవయవాలు పెరిగి, తరువాత కుంచించుకుపోతాయి. అయితే పెరగవలసిన వేళ అయిందని వాటికి తెలిపేది ఏది?

వసంతపు వెచ్చదనమే అని చాలామంది భావించేవారు. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో విలియం రోవన్ ఈ భావనను పరీక్షకు పెట్టినాడు. 1924 శరత్కాలంలో ఆయన జంకోలు అనే చిన్న వలసపిట్టలను పట్టి, ఆరుబయట పంజరాలలో ఉంచినాడు. కొన్ని పంజరాలలో పొద్దుగుంకిన తరువాత విద్యుద్దీపాలు వెలిగించి, ఆ సమయాన్ని రోజురోజుకు కొద్దికొద్దిగా పొడిగించినాడు. కొన్నింటికి దీపాలు లేవు. గడ్డకట్టే చలి రెండు గుంపులకూ సమానమే. అయినా దీపాలున్న పిట్టల వృషణాలు నడిశీతకాలంలోనే వసంతంలో వలె పెరిగినవి. సంకేతమిచ్చింది వెచ్చదనం కాదు, పగటి పొడవు.

ఆ వెలుతురును గ్రహించేది కన్ను ఒక్కటే కాదని 1930ల దశకంలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జాక్ బెన్వా బాతులలో చూపినాడు. కళ్ళు తీసివేసిన బాతులు కూడా వెలుతురుకు స్పందించినవి. పుర్రె గుండా లోనికి చొచ్చిన కాంతిని మెదడే గ్రహిస్తుంది. పీయూషగ్రంథి ద్వారా జననేంద్రియాలకు ఆజ్ఞ వెళుతుంది. కంజుపిట్టల మెదడులో కాంతిని గ్రహించే ఒక పదార్థాన్ని జపాను శాస్త్రజ్ఞులు 2010లో గుర్తించినారు.

ఇక్కడ మన దేశానికి ఒక చిక్కు వచ్చింది. ఎడ్మంటనులో అతి దీర్ఘమైన పగలు సుమారు 17 గంటలు, అతి హ్రస్వమైనది ఏడున్నర గంటలు. బూర్గంపాడులో అవి సుమారు 13, 11 గంటలు మాత్రమే. ఈ కొద్దిపాటి తేడా సరిపోతుందా? పైగా గిజిగాడు గూడు అల్లేది వానలకు. సలీం అలీ 1930లో బొంబాయికి దక్షిణాన ఉన్న కిహీం గ్రామంలో గిజిగాళ్ళను వానకాలమంతా పరిశీలించి, వాటి కాపురపు తీరును 1931లో ప్రకటించినాడు. మగపక్షి గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి మెచ్చుకుంటే పూర్తిచేస్తుంది. ఆపైన మరొక గూటికి పూనుకుంటుంది. బూర్గంపాడు అప్పుడు చేరి ఉన్న హైదరాబాదు సంస్థానంలో కూడా 1931–32లో ఆయన పక్షుల సర్వే జరిపినాడు.

1964లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన తప్లియాల్, సక్సేనా గిజిగాడి మీద చేసిన ప్రయోగాలను ప్రకటించినారు. శీతదేశాల పక్షులలో పెక్కింటికి కొన్నాళ్ళు గడిచేసరికి దీర్ఘపు పగలు ఉన్నా స్పందన ఆగిపోతుంది. గిజిగాళ్ళు అలా కాక, కృత్రిమంగా పగలు పొడిగించి ఉంచినంతకాలం సంతానోత్పత్తికి సిద్ధంగానే ఉన్నవి. అంటే వెలుతురు ఈ పక్షిని కూడా సిద్ధం చేస్తుంది. వాన కొంత ఆలస్యమైనా ఆ సిద్ధత చెడదు.

అయితే వాన కోసం ఎదురుచూడడం దేనికి? ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు జాన్ బేకర్ 1938లో ఈ విషయాన్ని విడమరచినాడు. పిల్లలకు తిండి దొరకడం అసలు ప్రయోజనం. వెలుతురు, వాన ఆ కాలాన్ని ముందుగా తెలిపే గుర్తులు. పెద్ద గిజిగాడు గింజలు తిన్నా, పిల్లలకు పురుగులు కావాలి; గూటికి పచ్చని పొడవాటి ఆకుచీలికలు కావాలి. రెండింటినీ తొలకరే తెస్తుంది. ముందుగా గుడ్లు పెడితే పిల్లలు పస్తులుంటాయి. కాని వాన పడిన నాడు మొదలుపెడితే శరీరం సిద్ధమయ్యేలోగా అదను దాటిపోతుంది. రైతు రోహిణిలోనే దుక్కి దున్ని మృగశిరలో విత్తినట్లు, గిజిగాడు వెలుతురుతో సిద్ధపడి వానతో పని మొదలుపెడుతుంది.

గువ్వల సంగతి వేరు. అవి తమ అన్నాశయంలో ఊరే పాలవంటి పదార్థంతో పిల్లలను సాకుతాయి. పురుగుల ఋతువుతో వాటికి నిమిత్తం లేదు. కోయిలకు ముహూర్తం పెట్టేది కాకి గూడే. పెరటికోడి పూర్వికురాలైన అడవికోడి ఏటా కొద్ది గుడ్లే పెడుతుంది; ఫారాలలో 16 గంటల దాకా వెలుతురు ఉంచి కోళ్ళచేత గుడ్లు పెట్టించడం రోవన్ దీపాలు చూపిన సూత్రమే.

పిల్ల నోరు తెరిచేనాటికి తిండి ఉండాలి: పెరటిలోని పంచాంగాలన్నిటికీ మూలం ఇది. పగటి పొడవు ఏటా తప్పకుండా వస్తుంది, వాన తప్పవచ్చు. ఆ ఏడు అల్లిన గూళ్ళు తక్కువైతే గిజిగాడు లెక్క తప్పిందని కాదు, తొలకరే తప్పిందని అర్థం.