బాణలి చెవులు చూడండి

కోలారు, చిక్కబళ్ళాపురం పక్క మన తెలుగిళ్ళలో అటక మీదో, పెరటి కొట్టంలోనో ఒక పెద్ద ఇనుప బాణలి ఉంటుంది. పండక్కి కజ్జాయాలు, పెళ్ళికి నిప్పట్లు వేయించడానికి దించుతాం, తక్కిన రోజుల్లో బోర్లించి పెడతాం. ఎవరడిగినా "ముత్తాతల నాటిది" అంటాం. అది ఏ కాలం పనో తెలియాలంటే ముందు దాని చెవులు చూడాలి.

చెవులు విడిగా చేసి రివెట్లు కొట్టి బిగించి, ఒంటి మీద సుత్తి దెబ్బలు కనిపిస్తే అది కమ్మరి కొట్టిన బాణలి. చెవులు ఒంటితో కలిసే పుట్టి, అంచు మందంగా, ఒళ్ళు గరుకుగా ఉంటే అది పోత ఇనుము. కొట్టింది కింద పడితే సొట్టపోతుంది, చిల్లి పడినా మాటు వేయొచ్చు. పోతది పడితే పగులుతుంది, ఊరి కమ్మరి దాన్ని అతకలేడు.

ఈ తేడా వెనక చాలా చరిత్ర ఉంది. దక్షిణాదిలో ఇనుము తీయడం వేల ఏళ్ళనాటి పని. కాని ఊరి మట్టి కొలిమిలో ఇనుము నీళ్ళలా కరగదు, ముద్దగా దిగుతుంది. ఆ ముద్దను కొట్టి కొట్టి మడ్డి వదిలించాలి. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల వేడి కావాలి. నూటికి మూడు నాలుగు పాళ్ళు కర్బనం కలిస్తే 1,200 దగ్గరే కరిగి అచ్చులోకి పారుతుంది. అట్లాంటి దుక్క ఇనుము పెద్ద ఎత్తున తీయడానికి బ్లాస్ట్ ఫర్నేసు అవసరం. తమిళనాట పరంగిపేటలో 1830లో జోసయ్య మార్షల్ హీత్ అనే ఆంగ్లేయుడు ఆ పని మొదలుపెట్టాడు, నిలబడలేదు.

మన మైసూరు సీమలో అది భద్రావతిలో నిలదొక్కుకుంది. కెమ్మణ్ణుగుండి ఖనిజంతో, మలెనాడు అడవుల కట్టెబొగ్గుతో 1923లో అక్కడ ఇనుము కరిగింది. ఆ కార్ఖానాను గట్టెక్కించిన విశ్వేశ్వరయ్యగారు పుట్టింది చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో. ఆయన ఇంటిపేరు మోక్షగుండం మాత్రం కంభం దగ్గరి ఊరు. అంటే మనలాగే ఎప్పుడో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగింటివాళ్ళే.

కొట్టిందైనా, పోతదైనా బాణలికి చేసే చాకిరీ ఒక్కటే. దాన్ని తమిళంలో "పళక్కు" అంటారు, కన్నడంలో "పళగిసు" అంటారు. రెండూ మచ్చిక చేసుకోవడమనే అర్థమే. మన ఇళ్ళలో "నూనె పట్టించడం" అంటాం. ముందు నాలుగైదు రోజులు గంజి పోసి, రోజూ మార్చాలి. కొబ్బరి పీచుతో తోమి, పొయ్యి మీద తడి లేకుండా ఆరబెట్టాలి. ఆ తర్వాత నూనె గుడ్డతో పలచగా పూసి, పైకి ఆనకుండా తుడిచేసి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చాలి. ఇట్లా మూడు నాలుగు సార్లు. నూనె వేడికి గట్టిపడి నల్లటి పొరై ఇనుముకు అంటుకుంటుంది. ఎక్కువ పూస్తే జిగటగా మిగిలిపోతుంది. వెర్రినువ్వుల నూనె, మన పక్క హుచ్చెళ్ళ నూనె అంటామే, అది తొందరగా గట్టిపడుతుంది. వేరుసెనగ నూనె అయినా పనికొస్తుంది.

పెద్ద బాణలికి గ్యాస్ పొయ్యి చాలదు, నడుమ కాలి అంచులు చల్లగా ఉండిపోతాయి. మూడు రాళ్ళు పెట్టి, కట్టెల మంట చుట్టూ సమంగా తగిలేట్టు తిప్పుతూ కాల్చాలి. పోత బాణలి వేడిగా ఉండగా చన్నీళ్ళు పోయకూడదు. చింతపండు పులుసు అందులో కాచకూడదు, పులుపు ఆ పొరను తినేస్తుంది. వాడిన ప్రతిసారీ మంట మీద ఆరబెట్టి, ఇంత నూనె రాసి దాచాలి.

కష్టమంతా ఇక్కడే ఉంది. నలభై మందికి వండే ఇల్లు నలుగురికి దిగింది. వాడని బాణలికి తుప్పు పడుతుంది, తుప్పు చూసి పాత ఇనుము వాడికి తూకానికి వేసేస్తున్నాం. తుప్పు పట్టినంత మాత్రాన బాణలి చావదు. చిల్లి, పగులు లేకపోతే ఇసుకతో తోమి మళ్ళీ మొదటినుంచి నూనె పట్టించొచ్చు. పోతే రానిది, ఎంత నూనె, ఎంత మంట అని చేత్తో చూపించే అవ్వల పనితనం. ఈ సంక్రాంతికి బాణలిని కిందికి దించండి. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మంట వేయండి.