పిల్లల చెవిలో నీరు: ముక్కు ద్వారా పంపిన గాలి చరిత్ర

పిలిస్తే పలకని పిల్లవాడిని మనము మొదట పరధ్యానం అంటాము, తరువాత మొండితనం అంటాము. వాడి కర్ణభేరి వెనుక బంకవంటి ద్రవం చేరి ఉండవచ్చునన్న ఆలోచన సాధారణంగా చివరన వస్తుంది. ఈ వ్యాధిలో జ్వరం ఉండదు, చీము కారదు, చెప్పుకోదగిన నొప్పి కూడా ఉండదు. కనుక తల్లిదండ్రులను తప్పు పట్టలేము. వైద్యులమైన మేము ఈ ద్రవానికి చేసిన చికిత్సల చరిత్రను మీ ముందుంచుతాను. అందులో మా పొరపాట్లూ ఉన్నాయి, నావీ ఉన్నాయి.

మధ్యచెవి గాలితో నిండి ఉండవలసిన చిన్న గది. ఆ గదికి గాలి ముక్కు వెనుక భాగం నుండి ఒక సన్నని నాళం ద్వారా వస్తుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త యూస్టేషియో పేరిట దానిని యూస్టేషియన్ నాళం అంటారు. మనము మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది క్షణకాలం తెరచుకొంటుంది. చిన్నపిల్లలలో ఈ నాళం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, సరిగా తెరచుకోదు. జలుబు వలన, ముక్కు వెనుకనున్న ఎడినాయిడ్ల వాపు వలన కూడ అది పని చేయకపోవచ్చు. లోపలి గాలిని చుట్టూ ఉన్న పొర పీల్చుకొంటుంది. కొత్త గాలి రాక, ఆ ఖాళీలో ద్రవం ఊరుతుంది. కర్ణభేరి స్వేచ్ఛగా కంపించలేదు, వినికిడి మందగిస్తుంది.

మన ఇళ్ళలో చెవికి ఏమైనా వెల్లుల్లి కాచిన నూనె పోయడం వాడుక. చిల్లు లేని కర్ణభేరిని దాటి ఆ నూనె లోపలికి పోలేదని గ్రహించండి. దారి చెవి వైపు నుండి లేదు, ముక్కు వైపు నుండి ఉంది.

ఆ దారిని వాడవచ్చునని బొలోనియాలో వల్సాల్వా 1704లో తన చెవి గ్రంథంలో వివరించాడు. ముక్కును, నోటిని మూసికొని గాలిని బలంగా వదలబోతే అది చెవిలోకి పోతుంది. విమానంలో చెవులు దిబ్బడ వేసినప్పుడు మీరు చేసేది అదే. ఆయన ఉద్దేశం మాత్రం వేరు, చెవిలోని చీమును బయటకు నెట్టడం.

తరువాతి అడుగు వేసినవాడు వైద్యుడు కాడు! వెర్సాయ్ పట్టణపు పోస్టుమాస్టరు గ్యుయో స్వయంగా చెవిటితనంతో బాధపడుతూ, నోటి ద్వారా నాళం దగ్గరకు చేర్చే వంకర గొట్టాన్ని తయారు చేసుకొని, 1724లో పారిస్ విజ్ఞాన పరిషత్తుకు నివేదించాడు. 1741లో క్లీలండ్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు ముక్కు ద్వారా గొట్టం పంపే పద్ధతిని ప్రకటించాడు. ఇవన్నీ పెద్దలు ఓర్చుకోగల పద్ధతులు. నాలుగేళ్ళ పిల్లవాడి ముక్కులోకి లోహపు గొట్టం పంపడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆ చిక్కును విప్పినవాడు వియన్నా వైద్యుడు ఆడమ్ పొలిట్జర్. ఆయన 1863లో ప్రకటించిన పద్ధతి ఆశ్చర్యకరమైనంత సులభం. రోగి నోటిలో ఒక గుక్క నీరు ఉంచుతారు. రబ్బరు బుడ్డి కొనను ఒక ముక్కురంధ్రంలో ఉంచి రెండవది మూస్తారు. రోగి నీరు మింగుతున్న క్షణంలోనే బుడ్డిని పిండుతారు. మింగేటప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కుకు, గొంతుకు మధ్య దారి మూస్తుంది, అదే క్షణంలో నాళం తెరచుకొంటుంది. గాలికి చెవి తప్ప వేరే దారి ఉండదు. గొట్టం లోపలికి పంపనక్కరలేదు కనుక పిల్లలకూ చేయవచ్చును.

1954లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ కర్ణభేరికి చిన్న రంధ్రం చేసి ప్లాస్టిక్ గొట్టం అమర్చి సఫలుడయ్యాడు. దానినే నేడు గ్రామెట్ అంటున్నాము. శస్త్రచికిత్స వ్యాపించింది, పొలిట్జర్ బుడ్డి మూలకు చేరింది. శస్త్రచికిత్స వద్దనుకొన్నవారికి మేము మందులు వ్రాశాము. నేనూ ఏళ్ళ తరబడి జలుబు సిరప్పులు వ్రాశాను. మూడు వారాల తరువాత కొందరు పిల్లలు బాగా వింటూ వచ్చేవారు, ఆ ఘనత సిరప్పుదే అనుకొనేవాడిని. వారిలో చాలామందికి ద్రవం దానంతట అదే తగ్గేదని నాకు ఆలస్యంగా అర్థమయింది. మగతతో తరగతిలో తూగిన పిల్లలను తలచుకొంటే నేటికీ సిగ్గుగా ఉంటుంది. 1983లోనే కాంటెకిన్ బృందం 553 మంది పిల్లలపై చేసిన పరిశోధన, యాంటీహిస్టమిన్, డీకంజెస్టెంట్ మిశ్రమం వలన ప్రయోజనం లేదని తేల్చింది. ముక్కులో కొట్టే స్టీరాయిడ్ స్ప్రే 2009లో, నోటి ద్వారా ఇచ్చే స్టీరాయిడ్ 2018లో బ్రిటన్‌లో పరీక్షకు నిలువలేదు.

గాలి మాత్రం నిలిచింది. 1992లో డెన్మార్క్‌లో స్టాంగెరప్ బృందం పొలిట్జర్ బుడ్డి స్థానంలో బెలూన్ పెట్టింది. బెలూన్ తగిలించిన చిన్న గొట్టాన్ని ఒక ముక్కురంధ్రానికి ఆనించి, రెండవ రంధ్రం మూసి, పిల్లవాడే ముక్కుతో బెలూన్ ఊదుతాడు. 2015లో బ్రిటన్‌లో 4 నుండి 11 ఏళ్ళ వయసున్న 320 మందిపై దీనిని పరీక్షించారు. రోజుకు మూడుసార్లు ఊదినవారిలో నెల తరువాత 47.3 శాతం మందికి కనీసం ఒక చెవిలో మధ్యచెవి పీడనం సాధారణ స్థితికి వచ్చింది. ఊదనివారిలో అది 35.6 శాతం. మూడు నెలలకు అవి 49.6, 38.3 శాతం. ఇది అద్భుతం కాదు, నిజమే. కాని పైన చెప్పిన మందులలో ఏదీ ఈపాటి మేలు కూడ చేయలేదు.

మీ పిల్లలకు దీనిని ప్రయత్నించదలిస్తే ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యులచే పరీక్ష చేయించండి. ఇందుకై తయారైన బెలూన్‌నే వాడండి, ఆటబొమ్మల బెలూన్‌ల ఒత్తిడి ఒక తీరుగా ఉండదు. పిల్లలు మింగకుండా పెద్దలు పక్కనే ఉండాలి. జలుబు తీవ్రంగా ఉన్నా, చెవిపోటు ఉన్నా, ముక్కు నుండి రక్తం కారుతున్నా ఆపివేయండి. మూడేళ్ళలోపు వారు దీనిని చేయలేరు. రెండు చెవులలోనూ వినికిడి లోపం మూడు నెలలు దాటినా, మాటలు ఆలస్యమవుతున్నా, గ్రహణమొర్రి లేక డౌన్ సిండ్రోమ్ ఉన్నా, కేవలం బెలూన్‌తో కాలయాపన చేయవద్దు. అప్పుడు వినికిడి యంత్రమో, గ్రామెటో అవసరం కావచ్చును. ఈలోగా బడిలో ఉపాధ్యాయులతో మాట్లాడి మొదటి బెంచీలో కూర్చోబెట్టించండి, ఇంట్లో ముఖం ఎదురుగా చూస్తూ మాట్లాడండి.