దగ్గరి బంధువు

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం ‘దగ్గరి బంధువు’ అంటే ఎవరో చెబుతూ జీవిత భాగస్వామి, కొడుకు, కూతురు, తండ్రి, తల్లి, సోదరుడు, సోదరి అని వరస పేర్చింది. ఆ వరసలో రక్తసంబంధం లేనిది మొదటి పేరుకే. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఏ జాబితాలోనైనా ఎవరు ముందున్నారో చూడటం నాకు అలవాటు. నా భర్తకి కిడ్నీ మార్పిడి తప్పదని తేలాక ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో!

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశపు తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది. అప్పట్లో దాత అంటే వైద్యులు ముందుగా రక్తబంధువుల వైపే చూసేవారు. 1980లలో సైక్లోస్పోరిన్ మందు వాడకంలోకి వచ్చాక, పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించడం బాగా తగ్గింది. భార్యాభర్తల మధ్య మార్పిడి ఫలితాలు తల్లిదండ్రులు ఇచ్చిన కిడ్నీలకేమీ తీసిపోవని 1995లో అమెరికాలో టెరసాకి బృందం చూపించింది. భార్యని పనికొచ్చే దాతని చేసిన ఆ మందే పేదల కిడ్నీలనీ అంగట్లో సరుకు చేసింది. 1994 చట్టం ఆ వ్యాపారాన్ని నేరమంది. అయినా 2002లో చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మంది మీద ఒక అధ్యయనం వెలువడింది. వాళ్ళలో 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. అందుకే పెళ్ళిని రుజువు చేయమంటే నాకు కోపం రాలేదు.

2014 కేంద్ర నిబంధనల ప్రకారం భార్యాభర్తలు పెళ్ళి ధ్రువపత్రం, పెళ్ళి ఫొటో, కుటుంబమంతా ఉన్న ఫొటో, పిల్లల సంఖ్య, వయసు, జనన పత్రాలు చూపాలి. సొంత చట్టంతో నడిచిన తెలంగాణ, కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ శాసనసభలో తీర్మానం చేసింది 2025 మార్చిలో. మా కాగితాలు ఆ తర్వాత మొదలయ్యాయి. మాది రిజిస్టరు పెళ్ళి, పిల్లల్లేరు. ఆసుపత్రి గుమస్తా “పిల్లలు లేరా?” అని రెండుసార్లు అడిగి, ‘లేరు’ అని రాసి కింద సంతకం పెట్టమన్నాడు, నన్ను మాత్రమే.

ఆ నిబంధనల్లోనే 22వది ఉంది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త పడాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని స్వీకర్త కాక మరొకరు నిర్ధారించాలనీ అంటుంది. రాసినవాళ్ళ అనుమానం సరైనదే. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల్లో 2019 నుంచి 2023 వరకు బతికుండగా అవయవమిచ్చిన 56,509 మందిలో స్త్రీలు 36,038 మంది. అలా ఇచ్చినవి పుచ్చుకున్న స్త్రీలు 17,041 మందే.

అయితే ఆ మరొకరు ఎవరు? మా విషయంలో మా వదినని పిలిచారు, ఆయన అక్కని. షుగరు వల్ల తను ఇవ్వలేకపోయానని కుమిలిపోతున్న మనిషి. “మా మరదలు మనసారా ఒప్పుకుంది” అని కళ్ళు తుడుచుకుంది. నిజమే, కానీ అది ఆమెకెలా తెలుసు? ఇంట్లో ఎవరూ నన్ను ‘ఇస్తావా’ అని అడగలేదు. ‘ఎప్పుడు’ అని అడిగారు. “పసుపుకుంకుమలు నీ చేతిలోనే ఉన్నాయమ్మా” అన్నారు. సావిత్రి యముడితో వాదించింది గానీ ఒంట్లోంచి ఏదీ తీసివ్వలేదని వాళ్ళకి చెప్పాలనిపించింది.

ఢిల్లీలో ఒకామె కన్నతండ్రికి కిడ్నీ ఇస్తానంటే ఆసుపత్రి భర్త అంగీకారం తెమ్మంది. అది చట్టంలో లేదని 2022లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. భర్తకివ్వడానికైతే మాత్రం ఎవరి అంగీకారమూ అడ్డురాదు!

చివర్లో కౌన్సిలింగు అమ్మాయి నన్ను ఒంటరిగా కూచోబెట్టి, “ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి మేడమ్. మీరు దాతగా పనికిరారని డాక్టరుగారే మీవాళ్ళకి చెబుతారు. అసలు కారణం బయటికి రాదు” అంది. వైద్యంలో ఇది పాత ఆనవాయితీయేనట. రేపు చెబుతానన్నాను.

రాత్రి ఆయనకి ఈ మాట చెప్పాను.

“నువ్వేమన్నావు?”

“రేపు చెబుతానన్నాను.”

“సరే” అన్నాడు, ఇంకేమీ అడగలేదు. పొద్దున్నే నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి, ఇస్తానని చెప్పి వచ్చాను.