ఛోటానాగ్‌పూర్ గుడిలో మాందర్ మోత

ముండా, ఉరావ్ సోదరుల పల్లెల్లో కతోలిక విచారణ చరిత్రను మనం కోర్టు మెట్ల దగ్గర మొదలుపెట్టాలి. 1885లో తోర్పా చేరిన బెల్జియం యేసుసభ గురువు కాన్‌స్టాంట్ లీవెన్స్ వెట్టిచాకిరీ, అక్రమ శిస్తుల మీద ఆదివాసీల దావాలకు అండగా నిలిచారు. ఊళ్లకు ఊళ్లు ఆయన వెంట నడిచాయి. దేవుణ్ణి నమ్మి వచ్చారా, భూమి కోసం వచ్చారా అని నేటికీ వాదిస్తుంటారు. భూమినీ దేవుణ్ణీ వేరుచేసి చూడని మనకు ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది.

తర్వాత జర్మన్ గురువు హోఫ్‌మన్ ముండారీ నేర్చుకుని, 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1909లో సహకార పరపతి సంఘం పెట్టారు. షావుకారు గడప తొక్కకుండా అప్పు పుట్టే దారి దొరికింది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం గుడికోసం తీసిపెట్టే అలవాటు ఆ ఇళ్లలో ఉంది.

అయితే అఖ్రాలో ఆటపాటలను కట్టడి చేసిందీ ఆ గురువులే. ఇది మనం దాచనక్కరలేదు. రెండవ వాటికన్ మహాసభ (1962-65) తర్వాతే మాందర్ మోత, చేయీ చేయీ పట్టుకుని వేసే అడుగు బలిపూజలో చోటు చేసుకున్నాయి. 2003లో ఉరావ్ బిడ్డ తెలెస్ఫోర్ టొప్పో కార్డినల్ అయ్యారు.

2016లో ఆ కౌలుదారీ చట్టాన్ని సవరించబోతే సర్నా వాళ్లూ క్రైస్తవులూ కలిసే వీధికెక్కారు. మరుసటి ఏడు అప్పటి గవర్నర్ ద్రౌపదీ ముర్ము ఆ బిల్లును వెనక్కి పంపారు.