పుల్లరి పోరు



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల వారికి మంద యనినను, కంచ యనినను వివరింప నక్కరలేదు. శామీర్‌పేట మీదుగా పోవు కరీంనగరు బాటను ఏటేట సంక్రాంతి మొదలు ఉగాది వరకు కొమురవెల్లి మల్లన్న జాతరకు జనము తరలుచుందురు. ఒగ్గు వాయించుచు కురుమ పూజారులు చెప్పు మల్లన్న కథలు, బీరప్ప కథలు మీరు విననివి కావు. గొఱ్ఱెయు, ఆవును ధనమైన ప్రతి సీమలోను ఇట్టి వీరకథలు పుట్టినవి. దూరదేశపు కథ నొకదానిని, మన తెలుగు కథ నొకదానిని ఈ ప్రసంగమున పోల్చి చూతము.

1934వ సంవత్సరమున అమెరికాలోని హాలీవుడ్డునందు ‘ది మ్యాన్ ఫ్రమ్ యూటా’ యను చలనచిత్రము వెలువడెను. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీ. 1939లో ‘స్టేజ్‌కోచ్’ చిత్రమువలన ప్రసిద్ధికెక్కిన జాన్ వేన్ ఇందు నాయకుడు. కథ యంతయు రోడియో చుట్టు తిరుగును. మందను ఒకచోటికి మళ్లించుట యని స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థము. లొంగని గుఱ్ఱము నెక్కుట, పరుగిడు కోడెను త్రాట బట్టుట మున్నగు పశుకాపరుల నిత్యకృత్యములే అచ్చట పందెములైనవి. చిత్రములో ఒక ముఠా ఈ పందెములను నడపుచు బహుమానపు సొమ్మును తమవారికే దక్కించుకొనుచుండును. ఎదిరికి గెలుపు దక్కునట్లు తోచినచో ఆ రౌతు పాము కఱచినట్లు చచ్చును. జీనులో దాచిన విషపుసూది దీనికి మూలమని నాయకుడు కనిపెట్టును. దుష్టులు పట్టుబడుదురు, కథ సుఖముగా ముగియును.

ఆ సీమ నిజచరిత్ర ఇంత సులభముగా ముగియలేదు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనునతడు ముళ్లతీగకు పేటెంటు పొందెను. నాటినుండి విడిబయళ్లు క్రమముగా కంచెల పాలయ్యెను. 1892 ఏప్రిల్ నెలలో వయోమింగ్ రాష్ట్రపు జాన్సన్ కౌంటీలో పెద్దమందల యజమానులు చిన్నవారిపై పశుచౌర్యపు నిందమోపి, టెక్సస్ నుండి కూలికి తుపాకివాండ్రను రప్పించిరి. నేట్ ఛాంపియన్, నిక్ రే యను ఇరువురు హతులైరి. జనము తిరుగబడి ఆ దండును చుట్టుముట్టగా ప్రభుత్వ సైన్యము వచ్చి దానిని కాపాడెను. తుదకు ఎవ్వరికిని శిక్ష పడలేదు. చలనచిత్రములో పాపమంతయు ఒక సూదిమొనలో ఇమిడినది. చరిత్రలోనో, మేతబయలు ఎవరిదను వివాదములో అది పాతుకొని యుండెను.

ఈ వివాదమునే మన కాటమరాజు కథ గొల్లసుద్దులవారి నోట నేటికిని వినిపించుచున్నది. ఇది 13వ శతాబ్దపు మాట. కరవు వచ్చి యాదవ నాయకుడు కాటమరాజు ఆలమందలతో దక్షిణమునకు దిగెను. నెల్లూరి సీమ నేలుచుండిన తెలుగుచోడ ప్రభువు నల్లసిద్ధితో పుల్లరికై ఒడంబడిక చేసికొనెను. గాథ చెప్పు తీరున, నీటివలన పుట్టిన పచ్చిక యెల్ల ఆవులది. ఆవులకు పుట్టిన కోడెదూడ లెల్ల రాజువి. మాట చక్కగనే యుండెను గాని వానలు లేక మేత మాడిపోయినది. చేలలో వరి మాత్రము పచ్చగా నుండెను. వరియు నీటివలన పుట్టిన పచ్చికయే గదా యని మందలను చేలలోనికి తోలిరి. రైతులు రాజుతో మొరపెట్టుకొనిరి. ఇంతలో రాజు ఉంపుడుగత్తె చిలుక ఆవులను బెదరింపగా గొల్లలు దానిని కొట్టి చంపిరి. ఆమె వేటకాండ్రచే ఆవులను చంపించెను. కాటమరాజు పుల్లరి చెల్లింప ననెను. ఎఱ్ఱగడ్డపాటి కడ ఘోరయుద్ధము జరిగెను.

ఆ పోరున నల్లసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఒకమారు వెనుదిరిగి ఇల్లు చేరెననియు, భార్య స్నానమునకు మఱుగుకట్టి పసుపుముద్ద పెట్టెననియు, ఆ నింద సైపక అతడు మరల పోయి రణరంగమున కూలెననియు చెప్పుదురు. భారతము రచించిన తిక్కన సోమయాజికి ఇతడు జ్ఞాతి. ఇరుప్రక్కల వీరులు మడిసిరి. ఈ గాథలను తంగిరాల వెంకట సుబ్బారావుగారు సేకరించి పరిష్కరింపగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1970-80 నడుమ ప్రకటించినది.

ఈ కథలో విషపుసూది లేదు. దాచిన దొంగయు లేడు. రైతు మొర న్యాయమే, కాపరి ఆకలియు న్యాయమే. ఒక్కమాటకు రెండర్థములు వచ్చుటయు, కరవునాడు ఏమి చేయవలెనో ముందుగా తలపకుండుటయు అనర్థమునకు మూలమయ్యెను. అందుచేతనే చలనచిత్రముకంటె మన గాథ లోతైనదని తోచుచున్నది.

కంచ తగవు మనకు తీరిపోయినది కాదు. 1317 ఫసలీ నాటి హైదరాబాదు భూమి రెవెన్యూ చట్టము గ్రామపు పశువుల మేతకై భూమిని వేఱుపఱుప వీలు కల్పించినది. నేడు అవుటర్ రింగ్ రోడ్డు మేడ్చలును, శామీర్‌పేటను తాకుచు సాగినది. 2016లో మేడ్చల్ పేర జిల్లాయు ఏర్పడినది. భూమి వెల పెరిగినకొలది మేతబయలుపై కన్నులు పడుట సహజము. గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని 2011 జనవరి 28న జగ్పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పు ఉన్నను, హద్దు చెప్పువారు లేనిచో అది కాగితమునందే యుండును. ఏ గట్టు వరకు మంద పోయెడిది, ఏ వాగు కడ మళ్లెడిది యను ఎఱుక పెద్దలయొద్దనే కలదు. దానిని స్పష్టమైన మాటలలో వ్రాయించి పిన్నలకు అప్పగించుడు. నల్లసిద్ధికిని, కాటమరాజునకును కొఱవడినది అట్టి స్పష్టతయే.